లేని బ్రేకు

మెర్విన్ కుడికాలు ఇంకా నొక్కుతూనే ఉంది
ఎడమ సీటు ముందు లేని బ్రేకుని.
ముప్పై ఒక్క ఏళ్లు పక్కన కూర్చుని
పదిహేడేళ్ల పిల్లల్ని రోడ్డెక్కించిన కాలు,
ఊరుకోమంటే ఊరుకుంటుందా?

లడ్లో మెయిన్ రోడ్డు మీద, శనివారం, సన్నటి వాన.
"ఏం కనిపిస్తోంది?" అన్నాడు.
నల్లదూలాలు, తెల్లగోడలు,
విందు ముగిసి బయటికొచ్చిన ముసలాళ్లలా
ఒకదాని భుజం మీద ఒకటి వాలిన ఇళ్లు.
"ఎటు వాలాయి?"
కుడికి.
"ఎడమకి. మూలమీద మందుల షాపుండాలి, చూడు."

ఆ మూలమీద ఫోన్లు బాగుచేసే కొట్టు.
ఉందుంది, అన్నాను,
కిటికీలో నీలం సీసాలు కూడా ఉన్నాయి.
లైసెన్సు వచ్చి ఏడాది నిండని
అరవై నాలుగేళ్ల మనిషిని.
ఆ ఉదయం రోడ్డుమీద నేను చేసిన మొదటి తప్పు అదే.

పెళ్లైన ఏడాది నాకూ నేర్పబోయాడు.
ఎత్తుమీద గేరు కరకరమంది.
"దిగు" అన్నాడు, ఒకటే మాట.
దిగాను.
ఆ తర్వాత నలభై వేసవులు
ఒళ్లో మ్యాపు పరుచుకుని ఆ సీట్లోనే కూర్చున్నాను,
మడతల దగ్గర ఊళ్లు చిరిగిపోయేదాకా.

ఇప్పుడు మ్యాపు అక్కర్లేదు, ఫోను మాట్లాడుతుంది.
దానితో కూడా వాదిస్తాడు.
"రౌండబౌట్‌లో మూడో దారేమిటి, రెండోది!"
రెండోదే, అతను చూసిన నాటికి.

చిన్న చర్చి దగ్గర ఆగాం.
రాతి వీరుడు వెల్లకిలా పడుకున్నాడు,
పాదాల కింద కుక్క.
కుక్క కాదు, గొర్రెపిల్ల అన్నాను.
నన్ను నమ్మక చేత్తో తడిమాడు,
అరిగిన చెవులు, మూతి, కాలర్,
"కుక్కే" అన్నాడు, తనే చెక్కినంత గర్వంగా.
నిజంగానే పొరబడ్డాను ఈసారి.

క్లన్ వైపు దారి సన్నబడింది.
పొదల కంచెలు రెండువైపులా అద్దాల్ని రాస్తున్నాయి,
తెల్లపూలు తడితడిగా లోపలికి తొంగిచూస్తున్నాయి.
"నాకు కంచెలు తెలుస్తాయి" అన్నాడు,
"దారే తెలీదు.
ఎటు చూస్తే అటు మధ్యలో
బూడిదరంగు నాణెం అతికించినట్టు."
ఇన్నాళ్లలో తన కళ్ల గురించి
డాక్టరుకి కాక ఇంకొకరికి చెప్పడం అదే మొదలు.
జవాబు వెతుక్కునేలోగా
మలుపులోంచి ట్రాక్టరు.

తప్పుకునే జాగా వెనక రెండువందల గజాలు.
రివర్స్‌లోనే రెండుసార్లు పరీక్ష తప్పాను నేను.
చేతులు చెమట పట్టాయి.
దిగు అంటాడనుకున్నాను.

తల పక్కకి తిప్పాడు,
ధాన్యం ఏరుకునే కోడిలా, ఒక కంటి చివరతో
కంచెని పట్టుకున్నాడు.
"రానీ. రానీ. జానెడు కుడికి.
అక్కడ మట్టి మెత్తన, దిగకు.
ఇప్పుడు తిప్పు, మొత్తం తిప్పు, భయపడకు బెరిల్."
కాలు మాత్రం నొక్కుతూనే ఉంది.
టైర్లు గడ్డెక్కాయి.
ట్రాక్టరు బురద చిమ్ముకుంటూ వెళ్లిపోయింది.

"వేలెత్తాడా?"
ఈ పల్లెదారుల్లో అది మర్యాద,
దారిచ్చినవాళ్లకి స్టీరింగు మీంచి ఒక వేలు.
ఎత్తాడు, అన్నాను.
"ఎత్తలేదు. ఎత్తితే నాకు తెలిసేది.
మూలలు ఉన్నాయి నాకింకా."

వైపర్లు నాలుగైదుసార్లు అటూ ఇటూ ఊగాయి.

"మందుల షాపు కూడా లేదు కదూ?"
లేదు.
"ఎప్పుడు పోయిందో?"
తెలీదు మెర్విన్.
"నీలం సీసాలు మాత్రం బావున్నాయి" అన్నాడు,
ఫ్లాస్కు కోసం కాళ్ల దగ్గర తడుముకుంటూ.

టీ తాగాం. గుడ్డు శాండ్‌విచ్‌లు నలిగిపోయాయి.
మళ్లీ బయల్దేరితే దిగుడు,
కింద గొర్రెలు రోడ్డు దాటుతున్నాయి.
అతని కాలు ముందు నొక్కింది,
నాది తర్వాత.
కారు ఆగింది.
"చూశావా" అన్నాడు.